తోలు కార్మికుడి స్కోరు షీటు

మా ఆవిడ పోయిన ఏడాదికి ఒక ఫ్రెంచి బాస్కెట్‌బాల్ క్లబ్బు చరిత్ర నా చేతికొచ్చింది. పదకొండు అట్టపెట్టెల్లో వచ్చింది.

అప్పుడు నేను రియాద్‌లో ఒక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. సైటు నుంచి వచ్చే డ్రాయింగులు, ఉత్తరాలు, తనిఖీ పత్రాలు ముందు నా బల్ల మీదికి వస్తాయి. ఏది ఎన్నో నంబరు, ఎన్నో రివిజన్, ఎవరెవరికి కాపీ వెళ్ళాలి అన్నది చూసి రిజిస్టరులో ఎక్కించి పంపడం నా పని. కాగితంలో ఉన్న విషయం నాకు అర్థం కావాలన్న నియమం లేదు. తేదీ, సంతకం, నంబరు సరిపోతే చాలు. పద్నాలుగేళ్ళు ఆ పని చేశాను. బాగానే చేశాను.

మా ఆవిడ అక్కడే ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సు. ఒక మంగళవారం డ్యూటీలో తలనొప్పి అంది. శుక్రవారానికి లేదు. శవపెట్టెను విమానంలో తీసుకెళ్ళి, నరసాపురం దగ్గర మా సమాధుల తోటలో పెట్టి, ఇరవై రోజులకు తిరిగి వచ్చాను. మా అమ్మాయి అప్పటికే విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ ఏడే ఇక్కడి ప్రభుత్వం విదేశీయుల కుటుంబ సభ్యులకు తలా ఇంత అని నెలనెలా రుసుము మొదలుపెట్టింది. మా బిల్డింగులో తెలుగు కుటుంబాలు తొమ్మిది ఉండేవి. పిల్లల పరీక్షలు అయ్యేసరికి రెండు మిగిలాయి. మెట్ల మీద ఎప్పుడు చూసినా ఎవరిదో ఒక ఫ్రిజ్ కిందికి దిగుతూ ఉండేది. శుక్రవారం పొద్దున ఒకరింట్లో పరదాలు వేసుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ ఇంటివాళ్ళు కూడా ఎగ్జిట్ వీసా కొట్టించుకుని వెళ్ళిపోయారు. మిగిలిన ఆరు రోజులూ ఆఫీసు చూసుకునేది. శుక్రవారం నాకే మిగిలింది.

మా క్వాలిటీ విభాగానికి పెద్ద ఒక ఫ్రెంచాయన. అరవై ఏళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. మేనేజరును అరబ్బీలో ముదీర్ అంటారు. మేమంతా ఆయన్ని ముదీర్ అనే పిలిచేవాళ్ళం. ఒక గురువారం సాయంత్రం ఆయన నా బల్ల దగ్గర ఆగాడు.

"రేపు ఏం చేస్తున్నావు?"

"ఏమీ లేదు సార్."

"నా దగ్గర కొన్ని కాగితాలున్నాయి. కంపెనీవి కావు. కాదనాలంటే నిరభ్యంతరంగా కాదను."

సైటు ఆఫీసు వెనక పాత రికార్డుల కోసం ఒక కంటైనర్ ఉండేది. మర్నాడు దాని తాళం తీసి పెట్టెలు చూపించాడు. అన్నీ స్కోరు షీట్లు. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళపాటు తమ ఊరి క్లబ్బు ఆటలకు స్కోరు రాశాడట. ఆయన పోయాక పెట్టెలు ముదీర్ అక్క ఇంట్లో ఉన్నాయి. ఆ ఇల్లు అమ్మేటప్పుడు, చెత్తబుట్ట పాలు కాకుండా వీటిని ముదీర్ రియాద్‌కు తెప్పించుకున్నాడు. తెప్పించి మూడేళ్ళయినా ఒక్క పెట్టె కూడా విప్పలేదు.

ఆ క్లబ్బు గురించి ఆయన చెప్పింది ఒక్క రోజులో చెప్పింది కాదు. ప్రతి శుక్రవారం కొంత చెప్పేవాడు. పటం మీద వేలు పెడితే ఊరు మొత్తం గోరు కింద పడుతుంది, అంత చిన్నది. ఫ్రాన్సుకు పడమట ఉంది. ఒక చెప్పుల ఫ్యాక్టరీ, ఒక చర్చి, మంగళవారం సంత. క్లబ్బును మొదలుపెట్టింది అక్కడి పాదిరి. ఆరాధన అయ్యాక కుర్రాళ్ళు సారా దుకాణం వైపు పోకుండా చర్చి వెనక పెరట్లో సున్నంతో గీతలు గీయించి, రెండు రింగులు కట్టించాడు. మొదటి బంతి ఫ్యాక్టరీలో కుట్టిందే. ఇది వినగానే నాకు మా మిషను హైస్కూలు గుర్తొచ్చింది. అక్కడా ఎవరో దొరగారు తాటి దుంగలు పాతి రింగులు కట్టించారు. మేం ఆడినది ఎంత, ఆ దుంగల్లో గూడు కట్టిన చిలకల్ని చూసినది ఎంత అన్నది వేరే సంగతి. కానీ ఒక ఆట ఒక ఊరికి ఇలా వస్తుందంటే నాకు వింతగా అనిపించలేదు.

పెరట్లోంచి ఆట సంత షెడ్డులోకి మారింది. మంగళవారం కోళ్ళు అమ్మే షెడ్డులోనే శనివారం సాయంత్రం మ్యాచి. నేల కడిగినా వాసన పోయేది కాదు. చలికాలం జనం ఊపిరికి గచ్చు చెమ్మగిల్లి జారేది. విరామంలో ఇద్దరు ముసలివాళ్ళు రంపపు పొట్టు చల్లి ఊడ్చేవాళ్ళు. ప్రేక్షకులు గీతకు అంత దగ్గరగా కూర్చునేవాళ్ళు, పక్క నుంచి బంతి విసిరే ఆటగాడు వాళ్ళ మోకాళ్ళ మధ్య కాలు పెట్టాల్సి వచ్చేది. ముందు వరసలో అల్లిక పనితో కూర్చునే ముసలమ్మలంటే పెద్ద ఊళ్ళ జట్లకు భయం. రెఫరీ తప్పు చేస్తే వాళ్ళు అరిచేవాళ్ళు కాదు, అల్లిక ఆపి చూసేవాళ్ళు.

జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. టికెట్లు చింపేది పోస్టుమాను, చొక్కాలు ఉతికేది రొట్టెలవాడి భార్య. స్కోరు బల్ల దగ్గర కూర్చునేది ముదీర్ నాన్న. ఆయన పగలు ఫ్యాక్టరీలో తోలు కోసేవాడు. తోలు ఒక్కసారే కోయాలి, రెండోసారి కత్తి పెడితే ముక్క పాడు. రాత కూడా అలాగే రాసేవాడట. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు ఆ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది: సొంత జట్టు గెలిచినా చప్పట్లు కొట్టకూడదు. ముప్ఫై ఏళ్ళూ ఆయన చేతులు కలపలేదు.

తరవాత జట్టు పై డివిజనుకు ఎక్కింది. అమెరికా నుంచి ఆటగాళ్ళు వచ్చి మాంసం కొట్టు మేడ మీద అద్దెకున్నారు. ఫ్యాక్టరీ మూతపడింది. క్లబ్బును పక్క నగరం క్లబ్బుతో కలిపేద్దామని అధికారులు వస్తే, పని పోయిన కార్మికులే సీజను టికెట్లు కొని నిలబెట్టారు. కొత్త హాలు కట్టారు. ఇప్పుడు ఆ క్లబ్బు దేశంలోనే పెద్ద లీగులో ఆడుతుంది. లీగులో అందరికంటే చిన్న ఊరు తమదేనని ఆ ఊరివాళ్ళు ప్రతి కొత్తవాడికీ మొదటి అయిదు నిమిషాల్లో చెబుతారట. ముదీర్ నాకు మూడో నిమిషంలో చెప్పాడు.

ఆయన నాకు పని ఎందుకిచ్చాడో రెండో శుక్రవారం చెప్పాడు. పై డివిజనుకు ఎక్కిన ఆ ఏటి ఆఖరి మ్యాచి సంత షెడ్డులోనే జరిగింది. ఒక్క పాయింటుతో గెలిచారు, డెబ్బై – అరవై తొమ్మిది. రెండో సగం మొదలైన కాసేపటికి ఊరి జనం బల్ల మీదికి వెళ్ళి, రెండు పాయింట్లు తక్కువ రాశావని అరిచారట. మరికాసేపటికి బోర్డు మీద అంకె మారింది. జనం అరుపుకు లొంగి రెండు పాయింట్లు కలిపాడని ఎదుటి జట్టు కెప్టెన్ షీటు మీదే ఫిర్యాదు రాసి సంతకం చేశాడు. ఫిర్యాదు నిలవలేదు. మాట నిలిచింది. ఆ ఊరివాళ్ళకు అది నింద కాదు, ముచ్చట. ఏటా క్లబ్బు విందులో ఎవడో ఒకడు గ్లాసు ఎత్తి, "మన జట్టులో గురి తప్పని షూటరు బల్ల దగ్గరున్నాడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ముసలాయన ఔననలేదు, కాదనలేదు. అలాగే పోయాడు.

ఇప్పుడు క్లబ్బు వార్షికోత్సవానికి ఒక పుస్తకం వేస్తోంది. ఆ ముచ్చట కూడా ఫోటోతో అచ్చు వేస్తామని ప్రెసిడెంటు ముదీర్‌కు ఎంతో ప్రేమగా రాశాడు. సీజను ముగిసేలోపు ప్రెస్సుకు పోతుంది.

"అచ్చు అయితే ఇక మాట కాదు, చరిత్ర," అన్నాడు ముదీర్. "నాన్న ఆ రెండు పాయింట్లు కలిపాడా లేదా నాకు తెలియాలి. కలిపితే అచ్చు వేసుకోనీ. కలపకపోతే ఆపాలి."

"మీరే చూడొచ్చు కదా సార్."

"నేను ఆ మ్యాచిలో ఆడాను. పందొమ్మిదేళ్ళు, పదిహేనో నంబరు. ఆయన కొడుకుని. నా కళ్ళు పనికిరావు. నీకు మా ఊరితో చుట్టరికం లేదు."

సరేనన్నాను. నాకు అప్పటికి ఏడు వారాల గడువుంది. సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులిచ్చే నితాఖాత్ లెక్కలో మా కంపెనీ ఆకుపచ్చ నుంచి పసుపులోకి దిగింది. దిగితే కొన్ని ఉద్యోగాల్లో విదేశీయుల ఇకామాలు, అంటే నివాస అనుమతులు, రెన్యూ కావు. కాగితాల పని చేసేవాళ్ళ పోస్టులు సౌదీలకు ఇవ్వాలని తేలింది. నా ఇకామా ముగిసేలోపు నా స్థానంలోకి వచ్చేవాడికి పని నేర్పి, కఫాలా ఇంకో యజమాని పేరు మీదికి మార్చుకోవాలి, లేదా ఖురూజ్ కొట్టించుకుని శాశ్వతంగా ఇంటికి పోవాలి. ఆ పెట్టెలను కూడా అదే గడువులో పెట్టుకున్నాను.

వరసగా చేశాను. మొదట సీజన్లు, తరవాత తేదీలు, తరవాత నంబర్లు. అసలు షీటు బాస్కెట్‌బాల్ సమాఖ్యకు పోతుంది. క్లబ్బుకు మిగిలేది కార్బన్ కాపీ. నలభై ఏళ్ళ కార్బన్ నీలం చాలాచోట్ల పొగలా పాకిపోయింది. రియాద్ ఎండకు కంటైనర్ పెనంలా కాలేది. దాని ఏసీ చూసే మెకానిక్ జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. శుక్రవారం ఆయన కూడా వచ్చి ఏసీ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"ఏం తమ్మీ, శుక్రారం పూట గూడ గీ కాయితాలేనా? ముదీర్ ఏమన్న ఎక్కువ ఇస్తుండా?"

"లేదన్నా, ఊరికే."

"ఊరికే ఎవడు జేస్తడే. నీకు నంబరు లేని కాయితం కనవడితె అన్నం సయించది."

"నువ్వు మాత్రం చల్లగా ఉంటుందని రావట్లేదా అన్నా?"

"నేనెందుకొస్తున్న? మిషిన్ సూసుకోనీకె. గిది డూటీ."

నాలుగో శుక్రవారం ఆ షీటు దొరికింది. పేజీకి ఒక పక్క ఆటగాళ్ళ పేర్లు. ఒక్కొక్కరికి ఎదురుగా వాళ్ళు వేసిన బుట్టలు, బుట్టకు రెండు పాయింట్లు, ఫ్రీ త్రోకు ఒకటి. రెండో పక్క ఒకటి నుంచి పైకి పోయే అంకెల నిచ్చెన. బంతి రింగులో పడగానే నిచ్చెన మీద రెండు మెట్లు ఎక్కి ఆ ఆటగాడి నంబరు వేయాలి. తరవాత అతని వరసలో గుర్తు పెట్టాలి. నిచ్చెన మీదున్నదే అసలు స్కోరు, బోర్డు తిప్పేవాడు కూడా దాన్ని చూసే తిప్పుతాడు. దూరం నుంచి వేస్తే మూడు అనే నియమం అప్పటికి రాలేదు.

నేను నేర్చుకున్న పద్ధతిలోనే చూశాను. తేదీ ఉంది. రెఫరీల సంతకాలున్నాయి. కెప్టెన్ ఫిర్యాదు ఉంది. నిచ్చెన మీద ఒక్క కొట్టివేత లేదు, డెబ్బై దగ్గర ఆగింది. ఆటగాళ్ళ వరసల కింద మొత్తం వేసే గడిలో కూడా డెబ్బై ఉంది. కానీ ఆ సున్నా కింద ఇంకో అంకె ఉంది. దాని మీద సున్నాను రెండుసార్లు గట్టిగా దిద్దాడు. అడుగున ఏముందో కార్బన్‌లో తెలియలేదు. అంతవరకు నేను చూసిన ఆరు వందల పైచిలుకు షీట్లలో ఆ చేతి దిద్దుబాటు ఒక్కటి కూడా లేదు.

కలిపాడు అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. ఫైలు మూసి, మిగతావాటి అడుగున పెట్టాను. ముదీర్ వచ్చి, ఆ సీజను దొరికిందా అని అడిగితే ఇంకా లేదన్నాను. నా ఉద్యోగంలో అబద్ధం ఆడిన సందర్భం అదొక్కటే. ఆయన తలూపి, టీ పోసుకుని, రంపపు పొట్టు చల్లిన ముసలివాళ్ళలో ఒకడు తనకు మేనమామ అవుతాడని చెప్పుకుపోయాడు.

ఏసీ అన్న చూస్తూనే ఉన్నాడు. ముదీర్ వెళ్ళాక అడిగాడు. "గా పైలు గట్ల కిందికి దోపినవేంది?"

"అందులో ఆ పెద్దాయన దిద్దిన అంకె ఉందన్నా. కొడుక్కి చెప్పాలి."

"సచ్చిపోయినోడు దిద్దితె ఏంది, దిద్దకపోతె ఏంది. ఆట ఒడిసి నలభై ఏండ్లాయె." లేచి ఏసీ గాలి చేత్తో చూసి మళ్ళీ అన్నాడు. "గానీ ఒక్కటి తమ్మీ. ఇయ్యాల నువ్వు దాస్తవ్. రేపు గా సౌదీ పిలగాడు ఇదే కుర్సీల కూసుంటడు. ఆడు తీస్తడు. అప్పుడు ఆయన దిద్దింది బయటపడ్తది, నువ్వు దాసింది గూడ పడ్తది."

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నా స్థానంలోకి వచ్చినవాడు అప్పటికి రెండు వారాలుగా నా పక్కన కూర్చుంటున్నాడు. పాతికేళ్ళుంటాయి, రియాద్‌లోనే డిగ్రీ చదివాడు. అతని మీద నాకు కోపం రాలేదని చెప్పను. మొదటి వారం వచ్చింది. రిజిస్టరు తెరిచి చూపిస్తుంటే ఫోను చూసుకునేవాడు. రెండో వారం, ఒక డ్రాయింగు పాత రివిజన్ సైటుకు పోబోతుంటే అతనే పట్టుకున్నాడు. ఆ తరవాత కోపం నిలవలేదు.

అతను ఒక క్లబ్బు రెండో జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడతాడని నాకు ఆలస్యంగా తెలిసింది. కంటైనర్ సంగతి చెప్పగానే తరవాతి శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని నేరుగా వచ్చాడు. ఆ ఫైలు తీసి అతని ముందు పెట్టాను. ఏమీ చెప్పలేదు. అన్న చెప్పినట్టు ఎలాగూ అతను చూసేదే, నా ఎదుటే చూడనీ అనుకున్నాను.

అతను తేదీ చూడలేదు, సంతకాలు చూడలేదు. ఆటగాళ్ళ వరసల మీద వేలు పెట్టి కిందికి దిగడం మొదలుపెట్టాడు.

"ఏం చూస్తున్నావు?" అన్నాను ఇంగ్లీషులో.

"ఎవడెన్ని వేశాడో. ఇంకేం చూస్తారు?" అని నవ్వాడు. "పద్దెనిమిది. ఇతను మంచి ఆటగాడై ఉండాలి. పద్నాలుగు. పన్నెండు. పది. ఎనిమిది. ఆరు. ఈ పదిహేనో నంబరువాడు నాలుగు." ఆగాడు. మళ్ళీ పైనుంచి కిందికి వేలు దింపాడు. "యా అఖీ, స్కోరు రాసినవాడి లెక్క తప్పింది. డెబ్బై కాదు. డెబ్బై రెండు."

కాలిక్యులేటరు తీశాను. డెబ్బై రెండే. అవతలి జట్టు వరసలూ కూడి చూశాను. వరసల్లో అరవై తొమ్మిది, నిచ్చెన మీద అరవై తొమ్మిది. అప్పుడు గడిలోని సున్నా అడుగున చూస్తే, తెలిసిన కంటికి అది రెండే.

పదిహేనో నంబరు వరసలో రెండు బుట్టలున్నాయి. నిచ్చెన మీద అతని నంబరు ఒక్కచోటే ఉంది.

పద్నాలుగేళ్ళ అనుభవంతో నేను చూడనిది ఆ కుర్రాడు రెండు నిమిషాల్లో చూశాడు. అతను ఆటగాడు కాబట్టి ఆటగాళ్ళను చూశాడు. నేను కాగితాన్ని చూశాను. ఇందులో నాకు సిగ్గనిపించింది, ఊరట కూడా కలిగింది. ఊరటే ఎక్కువ.

శనివారం పొద్దున ముదీర్ గదికి షీటు తీసుకెళ్ళాను. ముందు నా అబద్ధం ఒప్పుకున్నాను. తరవాత వరసలు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తన పేరు మీద వేలు పెట్టాడు.

"నేను దిగిన రెండో నిమిషంలోనే వేశాను," అన్నాడు. "పెద్ద జట్టులో నా మొదటి బుట్ట. రెండోది తరవాత. మర్నాడు ఆదివారం భోజనం దగ్గర అమ్మ అడిగింది, ఎన్ని వేశావని. రెండు అన్నాను. నాన్న సూపులోంచి తల ఎత్తకుండా, ఒకటి, షీటులో ఒకటే ఉంది అన్నాడు. అప్పటినుంచి నేను ఒకటే అనుకుంటున్నాను."

ఏం జరిగిందో ఇద్దరం కలిసి కూర్చాం. పెద్ద కష్టం కాలేదు. ముప్ఫై ఏళ్ళు ముందు నిచ్చెన, తరవాత వరస అన్న క్రమం తప్పని మనిషి, ఆ ఒక్కసారి ముందు కొడుకు వరసలో గుర్తు పెట్టాడు. నిచ్చెన వైపు చెయ్యి తిరిగేసరికి ఆట అటు చివరకు పోయింది. ఊరి జనం అరిచింది నిజమే: రెండు తక్కువే ఉన్నాయి. కానీ అప్పుడు ఆట ఆపించి ఆయన రెఫరీకి ఏమని చెప్పాలి? జనం అరిచాక, సొంత ఊరికి, సొంత కొడుకు పేరు మీద రెండు పాయింట్లు కలపమని చెప్పాలి. చెప్పలేదు. కాసేపటికి ఇంకెవరో మామూలుగా బుట్ట వేస్తే బోర్డు మారింది. ఎదుటివాళ్ళు చూసింది దాన్ని. మ్యాచి అయ్యాక వరసలు కూడితే డెబ్బై రెండు వచ్చింది. నిచ్చెనే అసలు స్కోరు కాబట్టి రెండును సున్నా చేశాడు.

"అయితే ఆయన కలపలేదు," అన్నాను.

"తీసేశాడు," అన్నాడు ముదీర్. నవ్వబోయి మానేశాడు. కాగితం వెనక్కి జరిపి, "దీన్ని పంపలేను," అన్నాడు.

"ఎందుకు సార్?"

"దొంగ అన్నా పడ్డాడు. తప్పు రాశాడంటే పడేవాడు కాదు. ఈ గడిని ఒక్కసారి చూపిస్తే ఆ నవ్వులు ఆగిపోయేవి, ఆయనకు తెలుసు. చూపించలేదు. ఆయన దాచుకున్నదాన్ని నేను అచ్చు వేయించాలా?"

నేను మామూలుగా ఇంటి సంగతులు ఆఫీసులో మాట్లాడను. ఆ రోజు మాట్లాడాను. మా ఆవిడ పోయాక ఆస్పత్రి నుంచి ఆమె ఫైలు ఇచ్చారు. అందులో ప్రశంసాపత్రాలు ఉన్నాయి, అవి ఎవరికైనా ఉంటాయి. వాటి మధ్య ఆమె తన మీద తానే రాసిన ఒక రిపోర్టు ఉంది. ఒక మంచం రోగి విటమిన్ మాత్ర పక్క మంచం రోగికి ఇచ్చానని, ఏ హానీ జరగలేదని, తప్పు తనదేనని. నాకు ఎప్పుడూ చెప్పలేదు. జ్ఞాపకార్థ కూటంలో పాస్టరుగారు ఆమెను దేవదూత అన్నారు, దీపం అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. ఆ మాటల్లో నాకు ఆమె కనబడలేదు. ఆ రిపోర్టులో కనబడింది.

"మా ఆవిడ తనది తాను రాసుకోగలిగింది," అన్నాను. "మీ నాన్నగారు రాయలేకపోయారు, కొడుకు పేరు అడ్డం వచ్చింది. ఇప్పుడు అడ్డం లేదు. మీరు రాయొచ్చు."

ఆయన కిటికీలోంచి సైటు వైపు చూశాడు. క్రేను ఒకటి తిరుగుతోంది. తరవాత, "నువ్వు ఇంగ్లీషులో రాయి. నేను ఫ్రెంచిలో పెడతాను," అన్నాడు.

ఆరు వాక్యాలు రాశాను. షీటు నంబరు, తేదీ. ఆటగాళ్ళ వరసల మొత్తం డెబ్బై రెండు. నిచ్చెన మొత్తం డెబ్బై. పదిహేనో నంబరు ఆటగాడి ఒక బుట్ట నిచ్చెన మీద ఎక్కలేదు. మొత్తం గడిలో డెబ్బై రెండును డెబ్బైగా దిద్దారు. లోపం స్కోరు రాసిన వ్యక్తిది, నష్టం సొంత జట్టుకు. ముదీర్ ఆఖరి వాక్యంలో "నిజాయితీపరుడైన" అని చేర్చాడు. నేను కొట్టేశాను.

"ఒక్క మాట ఉండకూడదా?"

"పై అయిదు వాక్యాలు చదివినవాడికి అది అక్కర్లేదు సార్. చదవనివాడికి అది చాలదు."

"మీ భార్య సమాధి మీద ఏం రాయించావు?"

"పేరు, రెండు తేదీలు, నర్సు అని."

ఆయన ఆ మాటను మళ్ళీ చేర్చలేదు. ఆ గురువారమే షీటు స్కాన్, మా నోటు, రెండూ క్లబ్బుకు వెళ్ళాయి. పంపిణీ జాబితాలో ముగ్గురిని పెట్టాను: క్లబ్బు ప్రెసిడెంటు, ముదీర్, ఆయన అక్క.

పరిశీలిస్తామన్న జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా నాకు ఖతీఫ్‌లో చమురు కంపెనీలకు పని చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చోటు దొరికింది. కఫాలా మార్పు ఇకామా ముగియడానికి ఆరు రోజుల ముందు పూర్తయింది. నా పని తెలుసు కాబట్టి దొరుకుతుందనే అనుకున్నాను, దొరికింది. పదకొండు పెట్టెలకు రిజిస్టరు పూర్తి చేసి, తాళం ఆ సౌదీ కుర్రాడికి ఇచ్చాను. అతను సంతకం పెట్టే ముందు ప్రతి పెట్టె విప్పి లెక్క చూసుకున్నాడు. నేను నేర్పిందే.

ఖతీఫ్ వచ్చిన నెలకు ముదీర్ ఫోను చేశాడు. ఫ్రాన్సు నుంచే, ఆ ఊరి నుంచే. రిటైరై వెళ్ళిపోయాడు. పుస్తకం అచ్చయింది. ముచ్చట తీసేసి, ఆ పేజీలో షీటు ఫోటో, కింద ఆరు వాక్యాలు వేశారు. విందులో ప్రెసిడెంటు వాటిని పైకి చదివాడట.

"నవ్వారా?" అన్నాను.

"మొదట లేదు. తరవాత రొట్టెలవాడి కొడుకు లేచి, అంటే నలభై ఏళ్ళుగా ఈయన మాకు రెండు పాయింట్లు బాకీ అన్నాడు. అప్పుడు నవ్వారు. నేనూ నవ్వాను." ఆగి, "నువ్వు ఇంకో కాపీ పంపాలి," అన్నాడు.

"ఎవరికి సార్?"

"ఫిర్యాదు రాసిన కెప్టెన్‌కు. బతికే ఉన్నాడు, ఎనభై దాటాయి. పుస్తకం సంగతి ఎవరో చెప్పారట. నాకు ఫోను చేసి, ఒక్క పాయింటుతో ఓడిపోయామని ఇన్నేళ్ళూ నిద్ర పట్టలేదు, ఇప్పుడు మూడంటున్నారా అని తిట్టాడు. తిట్టాక, ఆ షీటు పెద్ద సైజులో కావాలన్నాడు. వరసలు తానే కూడుకుంటాడట."

రియాద్‌కు ఫోను చేశాను. స్కాన్ ఆ కుర్రాడి దగ్గర ఉంది. ఏ సైజు కావాలో, ఎవరి పేరున పంపాలో అడిగాడు. రివిజన్ మారిందా అని కూడా అడిగాడు. మారలేదన్నాను. నా దగ్గరున్న నోటు తెరిచి, పంపిణీ జాబితాలో నాలుగో వరస టైపు చేశాను: ఎదుటి జట్టు కెప్టెన్, ఒక కాపీ.